నాది గూడ గదే కథ!

మానేయాలని వెయ్యిసార్లు అనుకున్నా మానలేకపోయిన మనిషి పదిమంది మధ్య కూర్చుంటే ఎలా మారతాడు? తిట్లు, ఒట్లు, ఏడుపులు చేయలేని పనిని కాసిన్ని మాటలు ఎలా చేస్తాయి? గ్రూప్ థెరపీ వెనక ఉన్న కథ ఇది.

ఆదివారం సాయంత్రం. మేడ్చల్‌లో జాతీయ రహదారికి కాస్త లోపలగా ఓ చిన్న గది. పది పన్నెండు ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. తలుపు దగ్గర ఓ మనిషి నిలబడ్డాడు. నలభై ఏళ్లుంటాయి. లోపలికి రావాలా, వచ్చినదారినే వెళ్లిపోవాలా తేల్చుకోలేక చెప్పులు విప్పుతున్నాడు, మళ్లీ తొడుక్కుంటున్నాడు.

''రా అన్నా, కూసో. మాట్లాడాల్నని ఏం లేదు. ఊకె ఇను'' అన్నారెవరో లోపల్నుంచి.

కూర్చున్నాడు. తల ఎత్తలేదు. ఎదుటి కుర్చీలో ఉన్నాయన చెప్పుకుపోతున్నాడు... ''పొద్దుగూకితే కాళ్లు అటే గుంజుతుండె. బిడ్డ ఫీజు పైసలు గూడ తాగిన. తెల్లారి ఆమె మొఖం చూడలేక మల్ల తాగిన.''

కొత్తగా వచ్చినాయన చటుక్కున తలెత్తాడు. రెండేళ్లుగా తను ఎవరికీ చెప్పని మాట అది. భార్యకి తెలీదు, అన్నదమ్ములకి తెలీదు. కానీ ముక్కూమొహం తెలీని మనిషి దాన్ని పదిమందిలో చెబుతున్నాడు. వింటున్నవాళ్లెవరూ నవ్వలేదు. ఛీ అనలేదు. తలలు మాత్రం ఊపారు.

గంట తర్వాత, అందరూ లేవబోతుండగా అతని నోటినుంచి ఒకే ఒక్క వాక్యం వచ్చింది. ''నాది గూడ గదే కథ.''

ఈ మనిషికి మనం పేరు పెట్టలేదు. ఇతను ఏ ఒక్కరో కాదు కాబట్టి. తాగుడు, బెంగ, భయం, దిగులు... ఏదో ఒకదానితో ఒంటరిగా పోరాడి అలసిపోయి ఇలాంటి గదుల దాకా వచ్చే ఎందరివో కథలు కలిపి గీసిన బొమ్మ అతను. అతణ్ని అడ్డం పెట్టుకుని ఒక ప్రశ్నకు జవాబు వెతుకుదాం. ఆ గదిలో అసలేం జరుగుతుంది?

ఇంటిగుట్టు బరువు

మేడ్చల్, శామీర్‌పేట ఇప్పుడు ఊళ్లూ కావు, నగరమూ కావు. ఒకపక్క జాతీయ రహదారి 44, మరోపక్క రాజీవ్ రహదారి, రెంటినీ కలుపుతూ అవుటర్ రింగ్‌రోడ్డు. ఫ్యాక్టరీలు, గోదాములు, జీనోమ్ వ్యాలీలో మందుల కంపెనీలు, నల్సార్ లాంటి విశ్వవిద్యాలయాలు, వాటి పక్కనే పాత ఊళ్లు. పని వెతుక్కుంటూ జిల్లాల నుంచి, బిహార్, ఒడిశాల నుంచి వచ్చినవాళ్లు అద్దె గదుల్లో ఉంటారు. పక్క గదిలో ఎవరున్నారో తెలీదు. నైట్ షిఫ్టు నుంచి వచ్చేసరికి పలకరించేవాళ్లుండరు. సందు చివర బెల్టు షాపు మాత్రం ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

స్థానికుల కష్టం మరోలా ఉంటుంది. వాళ్లకు చుట్టూ చుట్టాలే. కానీ చెప్పుకోలేరు. 'ఇంటిగుట్టు లంకకు చేటు' అన్న సామెత నూరిపోసింది కదా! కొడుకు తాగుతున్నాడని తెలిస్తే కోడలి పుట్టింటివాళ్లేమంటారు? బిడ్డకు మనసు బాగాలేదని తెలిస్తే సంబంధాలెలా వస్తాయి? అలా నాలుగు గోడల మధ్యే దాచి దాచి, చివరికి ఆసుపత్రికో పోలీస్‌స్టేషన్‌కో చేరాక ఊరంతా తెలుస్తుంది.

ఈ దాపరికం ధర ఎంతో లెక్కలు చెబుతున్నాయి. ఎయిమ్స్ సాయంతో కేంద్ర సామాజిక న్యాయశాఖ చేయించిన సర్వే 2019లో వచ్చింది. దాని ప్రకారం దేశంలో సుమారు 16 కోట్లమంది మద్యం తాగుతారు. వారిలో 5.7 కోట్లమందికి ఏదో ఒకరకమైన సాయం అవసరం. కానీ మద్యానికి పూర్తిగా బానిసైనవాళ్లలో ప్రతి 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఎంతోకొంత చికిత్స అందింది. మిగతా 37 మందీ 'రేపట్నుంచి మానేస్తా' అంటూనే ఉన్నారు.

42వ రోజు ఏమైంది?

మనందరికీ తెలిసిన విషయమొకటి ఉంది. ఏడాదంతా తాగే మనిషి అయ్యప్ప మాల వేసుకుంటాడు. అంతే, 41 రోజులు చుక్క ముట్టడు. చన్నీళ్ల స్నానం, నేలమీద పడక, రెండుపూటలా పూజ. ఇంట్లోవాళ్లు 'ఇట్లనే ఉంటే ఎంత బాగుండు' అనుకుంటారు. శబరిమల వెళ్లొస్తాడు, మాల తీస్తాడు. కొందరు ఆ వారంలోనే మళ్లీ మొదలుపెడతారు.

ఎందుకిలా? మనోబలం లేదందామంటే 41 రోజులు ఎలా ఉన్నాడు? భక్తి లేదనలేం. దీక్షలో ఉన్నప్పుడు అతని చుట్టూ ఏముందో చూడండి. పొద్దున్నే పీఠం దగ్గర తనలాంటివాళ్లు పదిమంది. కలిసి భజన, కలిసి భిక్ష. నిన్నటిదాకా 'తాగుబోతు' అన్న నోళ్లే ఇప్పుడు 'స్వామీ' అంటాయి. కొత్తగా మాల వేసుకున్న కన్నెస్వామికి నియమాలు చెప్పే గురుస్వామి కూడా ఒకప్పుడు కన్నెస్వామే. మాల తీశాక ఆ పదిమందీ ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. 42వ రోజు సాయంత్రానికి అతను మళ్లీ ఒంటరి.

గ్రూప్ థెరపీ సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది. దీక్షలో దొరికిన ఆ తోడును 41 రోజులతో ఆపకుండా కొనసాగించడమే దాని కిటుకు.

ఇది పంచాయితీ కాదు

'నలుగురిలో కూర్చోబెట్టి బుద్ధి చెప్పడం మనకు కొత్తా? రచ్చబండ దగ్గర చేసేది అదేగా' అంటారు పెద్దలు. కాదు. పంచాయితీలో ఒకడు దోషి, మిగతావాళ్లు తీర్పరులు. గ్రూపులో తీర్పరులే ఉండరు.

చికిత్సగా జరిగే గ్రూపులో సాధారణంగా ఏడెనిమిది నుంచి పదిమంది దాకా ఉంటారు. సైకాలజిస్టో, శిక్షణ పొందిన కౌన్సెలరో నడిపిస్తారు. వారానికోసారి, గంట నుంచి గంటన్నర. కుర్చీలు గుండ్రంగా వేస్తారు. అందరికీ అందరి మొహాలూ కనిపించాలి, ముందువరస వెనకవరస ఉండకూడదు. నియమాలు కొన్నే. ఇక్కడ విన్నది బయట చెప్పకూడదు. ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో అడ్డుపడకూడదు. 'నువ్విలా చెయ్యి' అని సలహాలివ్వకూడదు. 'నాకిలా జరిగింది' అని చెప్పుకోవచ్చు.

ఆ ఆఖరి నియమమే అసలు మందు. సలహా వింటే మనిషి ముడుచుకుపోతాడు. అనుభవం వింటే తెరుచుకుంటాడు. స్టాన్‌ఫర్డ్ మనోవైద్యుడు ఇర్విన్ యాలమ్ గ్రూప్ థెరపీ మీద 1970లో వెలువరించిన పుస్తకం ఇప్పటికీ ఈ రంగంలోవారికి పాఠ్యగ్రంథం. గ్రూపులో మనిషిని మార్చే అంశాలు 11 అని ఆయన లెక్కతేల్చారు. తనలాంటివాళ్లు ఇంకా ఉన్నారని తెలియడం వాటిలో ఒకటి. తనకంటే ముందు వచ్చినవాళ్లు బాగుపడటం చూసి ఆశ కలగడం మరొకటి. అన్నింటిలోకీ చిత్రమైనది ఇంకోటి... ఎదుటివాడికి సాయపడటం వల్ల తనకే మేలు జరగడం. 'నేనెందుకూ పనికిరాను' అనుకునే మనిషి మాట ఇంకొకరికి ధైర్యమిస్తే, ఆ రోజు నుంచి అతను తనని తాను చూసుకునే తీరు మారిపోతుంది.

క్షయ రోగులతో తొలి అడుగు

ఈ పద్ధతి మానసిక వైద్యంలో పుట్టలేదు. 1905లో అమెరికాలోని బోస్టన్‌లో డాక్టర్ జోసెఫ్ ప్రాట్ క్షయ రోగులకు వైద్యం చేసేవారు. శానటోరియంలో చేరే స్తోమత లేని పేదలు వాళ్లు. ఒక్కొక్కరికీ విడివిడిగా జాగ్రత్తలు చెప్పే తీరిక లేక, అందరినీ వారానికోసారి ఒకచోట కూర్చోబెట్టి పాఠం చెప్పడం మొదలుపెట్టారు. బరువు చూసేవారు, రోజూ రాసుకున్న పుస్తకాలు దిద్దేవారు. కొన్నాళ్లకు ఆయన ఓ విషయం గమనించారు. తన పాఠం కంటే వాళ్లు ఒకరికొకరు చెప్పుకునే మాటలే ఎక్కువ పనిచేస్తున్నాయి! పక్కవాడు రెండు పౌన్ల బరువు పెరిగాడని తెలిస్తే, మంచం పట్టినవాడికీ బతుకుతానన్న ఆశ పుట్టేది.

మూడు దశాబ్దాల తర్వాత మరో మలుపు. 1935 మే నెల. న్యూయార్క్ షేర్ల వ్యాపారి బిల్ విల్సన్ పనిమీద ఏక్రన్ అనే ఊరికి వెళ్లాడు. తాగుడు మాని అయిదు నెలలైంది. వెళ్లిన పని చెడింది. హోటల్లో ఒంటరిగా ఉన్నాడు. ఒకవైపు బార్‌లోంచి నవ్వులు వినిపిస్తున్నాయి, మరోవైపు టెలిఫోన్ ఉంది. 'నన్ను నేను కాపాడుకోవాలంటే ఇప్పుడు నాలాంటి ఇంకో తాగుబోతుతో మాట్లాడాలి' అనుకుని ఫోన్ అందుకున్నాడు. చర్చివాళ్ల ద్వారా చివరికి బాబ్ స్మిత్ అనే సర్జన్ దగ్గరికి చేరాడు. ఆయనా పచ్చి తాగుబోతే. పావుగంట మాత్రమే అని కూర్చున్న డాక్టరు ఆరు గంటలకు పైగా మాట్లాడారు. అప్పటిదాకా ఆయనకు నీతులు చెప్పినవాళ్లే తప్ప, 'నా బతుకూ ఇంతే' అన్నవాళ్లు దొరకలేదు మరి! ఆ ఇద్దరి స్నేహం నుంచి పుట్టిందే ఆల్కహాలిక్స్ అనానిమస్. అందరూ 'ఏఏ' అంటారు. డాక్టర్ బాబ్ చివరిసారి తాగినట్టు చెప్పే 1935 జూన్ 10వ తేదీనే దాని పుట్టినరోజుగా జరుపుకుంటారు.

1957లో మనదేశంలో అడుగుపెట్టిన ఏఏకి ఇప్పుడు హైదరాబాద్, సికింద్రాబాద్‌లలోనూ గ్రూపులున్నాయి. ఇందులో డాక్టరుండడు, ఫీజుండదు, ఇంటిపేరు అడగరు. 'మానాలన్న కోరిక' ఒక్కటే సభ్యత్వ రుసుము. నిపుణుడు నడిపే థెరపీకీ దీనికీ తేడా అదే. ఇది రోగులే ఒకరికొకరు ఆసరాగా నిలిచే స్వయంసహాయక బృందం.

దూబగుంట చూపిన దారి

మన తెలుగునేల మీద ఇలాంటి అద్భుతం ఒకటి జరిగింది. దానికెవరూ థెరపీ అని పేరు పెట్టలేదంతే. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు రాత్రిబడికి వెళ్లేవారు. సారాకు బానిసైన భర్తతో ఓ ఇల్లాలు పడే అగచాట్లు అక్కడ పాఠంగా వచ్చాయి. అది చదువుతుంటే ఒక్కొక్కరూ తమ గోడు చెప్పుకోవడం మొదలుపెట్టారు. అంతవరకూ 'నా రాత ఇంతే' అనుకున్న కష్టం ఊరందరిదీ అని ఆ లాంతరు వెలుగులో తెలిసింది. వర్ధినేని రోశమ్మ లాంటివాళ్లు ముందు నిలిచారు. 1992 నాటికి ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం అమల్లోకి వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధమూ వచ్చింది. 1997లో దాన్ని సడలించారన్నది వేరే సంగతి.

దుకాణాలు మళ్లీ తెరిచారు. అయినా, 'నీకూ ఇంతేనా?' అన్న ఒక్క ప్రశ్నకు ఎంత బలముందో ఆ రాత్రిబడి చూపించింది. తెలీకుండానే ఆ తల్లులు చేసింది గ్రూప్ థెరపీలో తొలి అడుగే.

ముందు వైద్యం, తర్వాత మాట

ఇక్కడో హెచ్చరిక. ఏళ్ల తరబడి రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా మానేయడం ప్రమాదం. చేతులు వణకడం, చెమటలు, నిద్రపట్టకపోవడంతో మొదలై రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. లేనివి కనబడటం, మతి తప్పడం, ఒక్కోసారి ప్రాణమే పోవడం జరగొచ్చు.

తెలంగాణకు ఇది అనుభవమే. 2015లో కల్తీ కల్లుపై ప్రభుత్వం దాడులు చేసినప్పుడు ఏం జరిగింది? అల్ప్రాజోలం లాంటి మత్తుమందు కలిపిన కల్లుకు అలవాటుపడినవాళ్లు అది దొరక్క పిచ్చిపట్టినట్టయి నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో ఆసుపత్రులకు బారులు తీరారు. ఎందరో హైదరాబాద్ ఎర్రగడ్డ ఆసుపత్రికి వచ్చారు.

అందుకే వరస ముఖ్యం. ముందు డాక్టరు పర్యవేక్షణలో ఒంట్లోంచి మత్తు దిగాలి. దానికి కొద్దిరోజులు చాలు. ఆ తర్వాతే అసలు కష్టం. ఇంటికెళ్లాక అదే సందు, అదే బెల్టు షాపు, అదే దోస్తులు. అక్కడ గ్రూపు కావాలి. చెన్నైలో 1980లో శాంతి రంగనాథన్ మొదలుపెట్టిన టీటీకే ఆసుపత్రి ఈ రెంటినీ కలిపి నడిపే సంస్థల్లో పేరున్నది. వాళ్లు ఒక అడుగు ముందుకేసి పల్లెల్లోనే శిబిరాలు పెట్టారు. మంజక్కుడి గ్రామంలో ఊళ్లోనే చికిత్స, ఊరివాళ్ల సాయంతోనే తర్వాతి ఆసరా. ఊరు మొత్తం చూస్తుండగా బాగుపడినవాడు ఊరికే ఒక పాఠమవుతాడు కదా!

ఇంటివాళ్లకూ గాయాలే

తాగేది ఒకరు, మంచంపట్టేది ఇల్లంతా. ఏ రాత్రి ఏ గొడవో అని చెవులు రిక్కించి పడుకునే భార్య, పుస్తెలతాడు కుదువపెట్టి అప్పు తీర్చే తల్లి, స్నేహితుల్ని ఇంటికి పిలవలేని పిల్లలు... వీళ్లనెవరు అడగాలి? బిల్ విల్సన్ భార్య లోయిస్ 1951లో మరో మహిళతో కలిసి అల్-అనాన్ ప్రారంభించింది అందుకే. తాగేవాళ్ల కుటుంబసభ్యులు అక్కడ కలుస్తారు. ఫ్యాక్టరీకి 'ఒంట్లో బాగాలేద'ని అబద్ధం చెప్పి భర్తను కాపాడటం, అతని బాకీలు కట్టడం సాయం కాదని ఒకరి నుంచి ఒకరు నేర్చుకుంటారు. 'నీవల్లే తాగుతున్నా' అన్న మాట నిజం కాదని తెలుసుకోవడంతోనే సగం బరువు దిగుతుంది.

కుటుంబాన్ని చికిత్సలో కలపడం మనదేశానికి కొత్తేం కాదు. 1950ల్లోనే అమృత్‌సర్ మానసిక చికిత్సాలయంలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల బంధువులను ఆవరణలోనే గుడారాల్లో ఉంచారు. రోగులతోపాటు వాళ్లనీ కూర్చోబెట్టి మాట్లాడేవారు. జబ్బంటే ఏమిటో అర్థమైన బంధువులు రోగిని వదిలేసిపోకుండా వెంటపెట్టుకుని ఇంటికెళ్లేవారు.

నిజంగా పనిచేస్తుందా?

'పదిమంది తాగుబోతుల్ని ఒకచోట చేరిస్తే బాగుపడతారా? తా చెడ్డ కోతి వనమెల్లా చెరిచిందన్నట్టు అవదూ!' చాలామంది అత్తమామల సందేహమిది. న్యాయమైనదే.

2020లో వచ్చిన కోక్రేన్ సమీక్ష 27 అధ్యయనాలను, పదివేలమందికి పైగా బాధితుల వివరాలను పరిశీలించింది. బాధితులను పద్ధతి ప్రకారం ఏఏ బాట పట్టించిన చికిత్సల్లో ఏడాది తర్వాత పూర్తిగా మానినవాళ్లు 42 శాతం. ఇతర చికిత్సల్లో 35 శాతం. తేడా చిన్నదే అనిపించొచ్చు. కానీ గ్రూపుకు ఫీజు లేదు, ఎన్నేళ్లయినా వెళ్లొచ్చు.

దిగులు జబ్బు సంగతికొస్తే ఉగాండా అనుభవం ఆశ్చర్యపరుస్తుంది. 30 గ్రామాల్లో జరిగిన ఆ పరిశోధన 2003లో వెలువడింది. డాక్టర్లు కాదు, శిక్షణ పొందిన స్థానికులే వారానికి గంటన్నర చొప్పున 16 వారాలు గ్రూపులు నడిపారు. ఆఖరున చూస్తే గ్రూపుల్లో ఉన్నవాళ్లలో 6.5 శాతం మందికే డిప్రెషన్ మిగిలింది. గ్రూపులు లేని గ్రామాల్లో అది 54.7 శాతం. ఇదే పద్ధతి మీద ప్రపంచ ఆరోగ్యసంస్థ 2016లో మార్గదర్శక పుస్తకం తెచ్చింది.

అయితే ఇది సర్వరోగ నివారిణి కాదు. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన బలంగా ఉన్నవాళ్లకు, మతి స్థిమితం తప్పి ఉన్నవాళ్లకు ముందు డాక్టరే దిక్కు. లైంగిక హింసలాంటి గాయాలున్నవారికి మొదట ఒంటరిగా కౌన్సెలింగ్ మేలు. కొందరికి గ్రూపు అసలు పడకపోవచ్చు. పైగా ఒకటిరెండుసార్లు వెళ్లి తేల్చేసేది కాదిది. తడబడి మళ్లీ తాగినవాళ్లూ తిరిగొస్తారు. అప్పుడూ కుర్చీ చూపించేదే మంచి గ్రూపు.

గేటుకు తాళముంటే అనుమానించండి

నగర శివార్లలో 'మాన్పిస్తాం' అనే బోర్డులకు కొదవలేదు. మంచివీ ఉంటాయి, మనిషిని గదిలో వేసి కొట్టి మాన్పిస్తామనేవీ ఉంటాయి. దెబ్బలకు భయపడి మానినవాడు గేటు దాటగానే మొదలుపెడతాడు. 2017 నాటి మానసిక ఆరోగ్యరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక సమస్యలకూ వర్తిస్తుంది. ఏ రోగినీ గొలుసులతో కట్టకూడదని ఆ చట్టం స్పష్టంగా చెబుతోంది. కేంద్రాలు రాష్ట్ర ప్రాధికార సంస్థ దగ్గర నమోదు కావాలి.

చేర్చేముందు ఇవి అడగండి...

* రిజిస్ట్రేషన్ ఉందా? సైకియాట్రిస్టు వస్తారా? ఏ రోజుల్లో?
* గ్రూపులు ఎవరు నడుపుతారు? వాళ్ల చదువేంటి?
* ఇంటివాళ్లు వచ్చి కలవొచ్చా? వాళ్లకూ కౌన్సెలింగ్ ఉందా?
* బయటికొచ్చాక ఏ గ్రూపుకు పంపిస్తారు?
* 'నూటికి నూరుశాతం గ్యారంటీ' అంటే మర్యాదగా లేచి వచ్చేయండి.

దారి తెలియకపోతే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు. తెలుగులో మాట్లాడతారు, ఖర్చుండదు. మత్తు అలవాట్ల కోసం 14446 జాతీయ హెల్ప్‌లైన్ ఉంది. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం, మేడ్చల్ దగ్గర ఘనపూర్‌లోని మెడిసిటీ లాంటి వైద్యకళాశాల ఆసుపత్రుల్లో మనోవైద్య విభాగాలుంటాయి.

మళ్లీ ఆ గదికి...

ఏడాది గడిచిందనుకుందాం. ఆదివారం సాయంత్రం అదే గది. మొదటిరోజు తలుపు దగ్గర తచ్చాడిన మనిషి ఇప్పుడు అరగంట ముందే వస్తున్నాడు. కుర్చీలు తుడిచి గుండ్రంగా వేయడం, చాయ్ ఫ్లాస్కు తేవడం అతని పని. మధ్యలో ఒకసారి పెళ్లిలో జారాడు. వారం రోజులు మొహం చెల్లక రాలేదు. గ్రూపులోని ఓ పెద్దాయన ఇంటికొచ్చి 'రా తమ్మీ' అని బండెక్కించుకుపోయాడు. ఆ తర్వాత మళ్లీ ముట్టలేదు. 'ఇంక ఎన్నడూ తాగవా?' అని అడిగితే 'ఇయ్యాళ్టికైతే తాగలే' అంటాడు. ఏఏ వాళ్ల లెక్కే అది, ఒక్కో రోజు చొప్పున.

బిడ్డ ఫీజు కట్టాడు. భార్య ఇంకా పూర్తిగా నమ్మలేదు. నమ్మడానికి టైం పడుతుందని అతనికీ తెలుసు.

తలుపు దగ్గర ఏదో అలికిడి. పాతికేళ్ల కుర్రాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. చెప్పులు విప్పుతున్నాడు, మళ్లీ తొడుక్కుంటున్నాడు.

ఇతను లేచి వెళ్లాడు. ''రా తమ్మీ, కూసో. మాట్లాడాల్నని ఏం లేదు. ఊకె ఇను.''